పేర్లన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి
(ఒంగోలులో సంఘ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, పాస్టరు గార్లకు, సంఘ కార్యదర్శులకు, వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు వందనాలు.

1878 జూలై 3న మన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మీకందరికీ కంఠతా వచ్చు. అంతకుముందు వచ్చిన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. అదీ తెలుసు. కానీ ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. వాళ్ల పేర్లు ఈ హాల్లో ఎంతమందికి వచ్చు?

మిషనరీ దొరల కాగితాలకు ఏ లోటూ లేదు. బాప్టిస్టులవి అట్లాంటాలో ఉన్నాయి. బందరుకు మిషనరీ నోబుల్ గారిని పంపిన చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) వాళ్లవి బర్మింగ్‌హామ్‌లో, 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ (ఎల్.ఎం.ఎస్.) వాళ్లవి లండన్‌లో ఉన్నాయి. చందాలిచ్చే వాళ్లు చదవాలని రాసిన రిపోర్టులు వాటిలో చాలా ఉన్నాయి. వాటిలో మన ముత్తాతలు ఎక్కువగా అంకెలుగానే కనిపిస్తారు. పేర్లుగా కనిపించేది ఇక్కడే, మీ చర్చి బీరువాలో ఉన్న బాప్తిస్మపు రిజిస్టర్లలో, కమిటీ మినిట్సు పుస్తకాల్లో, మిషన్ బడి అడ్మిషన్ రిజిస్టర్లలో.

నిరుడు ఒక పల్లె సంఘంలో అలాంటి రిజిస్టరు తెరిచాను. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు అని గడులు గీసి ఉన్నాయి. ఒకచోట నాగమ్మ అన్న పేరు మీద సన్నగా ఒక్క గీత గీసి, పక్కన మార్తమ్మ అని రాశారు. రెండు పేర్లూ చక్కగా చదవొచ్చు. ఎవరో మంచి మనసుతోనే చిరిగిన చోట సెల్లోటేపు అంటించారు. అది బెల్లం పాకం రంగుకు తిరిగి, సిరాతో సహా పైకి లేచొచ్చింది. సరిగ్గా ఊరి పేరు ఉన్న గడి పోయింది. ఆ పేజీ తిప్పేటప్పుడు నా చేతులు వణికాయి. మార్తమ్మ ఏ ఊరి మనిషో ఇక ఎవరు చెప్పాలి?

అందుకే అడుగుతున్నాను, టేపు వేయకండి. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే మళ్లీ తీయలేం. గుండుసూదులుంటే తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. చెమ్మా, చెదలూ గోడ వెంటే వస్తాయి. చెదల మందు కాగితాల మీద కొట్టొద్దు.

ఇది చర్చిల సంగతి మాత్రమే అనుకోవద్దు. హైదరాబాదులో దళితుల కోసం పాటుపడిన భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్ మిత్ర మండలి పెట్టారు, 1911లో మాన్య సంఘం పెట్టారు. అలాంటి సంఘాల చందా పుస్తకం ఒక్కటి ఎవరింట్లోనైనా దొరికితే, ఏ బస్తీలో ఎవరు తమ కూలి డబ్బుల్లోంచి ఎంత ఇచ్చారో తెలుస్తుంది. పాత పెట్టె ఖాళీ చేసేటప్పుడు, పాత ఇనప సామాన్ల వాడిని పిలిచే ముందు, ఒక్కసారి అడుగుదాకా చూడండి.

నాకు కావలసింది మీ బీరువా తాళం, రెండు పగళ్లు. కిటికీ పక్కన వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, అట్ట నుంచి అట్ట దాకా ఫోటోలు తీస్తాం. ఖాళీ పేజీలు కూడా వదలం. ఫైలుకు ఊరి పేరు, సంవత్సరం తెలుగులో పెట్టి, ఒక కాపీ మీ సంఘానికి, ఒకటి మీరు చెప్పిన లైబ్రరీకి ఇస్తాం. పుస్తకం మాత్రం మీ గడప దాటదు. ఇక్కడున్న పిల్లల్లో ఫోను బాగా వాడేవాళ్లు నలుగురు చాలు. మీటింగు అయ్యాక ఆ కుడివైపు బల్ల దగ్గర కూర్చుంటాను. మీ ఊరి పేరు, మీ బీరువా తాళం ఎవరి దగ్గరుందో చెప్పి వెళ్లండి.