ఆ పెళ్లిలో నేనెందుకు కూర్చోలేదంటే

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శి గారికి, డిపోలో నాకంటే ముందు స్టీరింగు పట్టిన పెద్దలకి, వెనకాల పులిహోర వాసనకి అప్పుడే తలలు తిప్పుతున్నవాళ్లకి కూడా నమస్కారం. శాలువా కప్పినందుకు సంతోషం. ఇంట్లో ఇప్పటికే ఆరున్నాయి.

ఇవాళ డిసెంబరు 17, పింఛనుదారుల దినం. 1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛనంటే ఎవరో దయతలిచి పడేసే భిక్ష కాదు, హక్కు అని. దాని గురించి నా ముందు మాట్లాడినాయన బాగా చెప్పాడు. మన ఈపీఎస్, అదే ఉద్యోగుల పింఛను పథకం గురించీ, ఆ వెయ్యి రూపాయల కనీస పింఛను గురించీ నేను మొదలుపెడితే పులిహోర చల్లారిపోతుంది. నాకిచ్చిన అంశం ‘రిటైరయ్యాక ఆరోగ్యం’. కార్యదర్శి గారు బీపీ, సుగరు, మోకాళ్లు అనుకుని ఇచ్చుంటారు. నేను మాట్లాడబోయేది ఫిస్టులా గురించి. భగందరం. మలద్వారం పక్కన చర్మానికి పడే తూటు.

అదిగో, ముందు వరసలో ఇద్దరు కిందకి చూశారు. పర్లేదు, చూడండి. దాదాపు పదేళ్లు నేనూ కిందకే చూశాను.

నాకు ముందొచ్చింది చిన్న సెగగడ్డ. రాజమండ్రి నుంచి గోకవరం, మారేడుమిల్లి ఘాటు మీదుగా భద్రాచలం డ్యూటీ. పాత బండ్లలో ఇంజను మన పక్కనే ఉండేది, మీకు నేను చెప్పాలా? ఒక పక్క ఒళ్లంతా కాలిపోయేది. అందుకని ఎవర్నడిగినా ఒకటే మాట: వేడి చేసింది. సబ్జా గింజలు తాగమన్నారు, మజ్జిగ తాగమన్నారు, తలకి ఆముదం పెట్టమన్నారు. గడ్డ చితికింది, హాయిగా అనిపించింది. నెల తర్వాత మళ్లీ అక్కడే ఉబ్బింది. మళ్లీ చితికింది. ఇక లాగులో రోజూ చెమ్మ. మొలలనుకుని మందుల షాపులో ట్యూబు కొనుక్కుని ఎనిమిది నెలలు రాశానండీ. బస్టాండు దగ్గర ‘కోత లేకుండా, నొప్పి లేకుండా, ఒక్క రోజులో’ అని బోర్డుంటే అక్కడికీ వెళ్లాను. ఏదో సూది పొడిచాడు. నాలుగు వేలు తీసుకున్నాడు. వారం రోజులు బోర్లా పడుకున్నాను.

ఆఖరికి సర్జను దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది, “ఇన్నాళ్లు ఏం చేశారు?” అని. వేడి చేసిందనుకున్నానన్నాను. ఆయన నవ్వలేదు. కాగితం మీద బొమ్మ గీశాడు. మలద్వారం లోపల చిన్న చిన్న గ్రంథులుంటాయట. అందులో ఒకటి మూసుకుపోయి చీము పడితే, ఆ చీము బయటికి పోవడానికి కండలోంచి సొరంగం తవ్వుకుంటుంది. లోపల ఒక నోరు, బయట ఒక నోరు. బయటి నోరు ఎన్నిసార్లు మూసుకున్నా లోపలిది తెరిచున్నంత కాలం చీము ఊరుతూనే ఉంటుంది. ఇంజను వేడికీ దానికీ సంబంధం లేదు. చక్రంలో మేకుండగా పైన ప్యాచీ వేస్తున్నామన్నమాట. ఎమ్మారై తీయించి, సొరంగం పైపైనే ఉంది, బిగింపు కండరం పెద్దగా తెగదు, కోసి తెరిచేస్తే చాలన్నాడు. లోతుగా ఉన్నవాళ్లకి అలా కోసేస్తే విరేచనం అదుపు తప్పే ప్రమాదముంది. వాళ్లకి దారం వేసి మెల్లగా తెరుస్తారు. మన ఆయుర్వేదంలో క్షారసూత్రమని ఉంది. దారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు ఇరవయ్యొక్కసార్లు పట్టించి, సొరంగంలోంచి పోనిచ్చి ముడేసి, వారం వారం మారుస్తారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. అది బస్టాండు బోర్డు వైద్యం కాదు. రెంటినీ కలిపెయ్యకండి.

ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. వెన్నుకి మత్తు, ముప్పావుగంట, అంతే. అసలు కథ ఇంటికొచ్చాక.

కోసిన చోట కుట్లు వెయ్యలేదు! మా ఆవిడ చూసి బెదిరిపోయింది. డాక్టరు మర్చిపోయాడనుకుని ఫోను చేసింది. ఆయన అన్నాడు, “అమ్మా, పైన మూసుకుంటే లోపల మళ్లీ చీము పడుతుంది. అది అడుగు నుంచి పైకి మానాలి. మీరు చెయ్యాల్సింది దాన్ని తొందరగా మూసుకోనివ్వకపోవడమే.” ఆరు వారాలన్నారు. నాకు తొమ్మిది పట్టింది.

మొదటి విరేచనానికి ఎంత భయపడ్డానో చెప్తే నవ్వుతారు. మూడు రోజులు తిండి తగ్గించుకున్నాను. అదే పెద్ద తప్పు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ పథ్యమన్నారు. పప్పొద్దు, వంకాయొద్దు, ఆకుకూరొద్దు, చారన్నం, బ్రెడ్డు చాలు. అవి తింటే గట్టిపడక ఏమవుతుంది? కొన్ని నొప్పి మాత్రలు కూడా బిగిస్తాయి. నాలుగో రోజు నేను బాత్రూములో తలుపు గొళ్లెం పట్టుకుని ఏడ్చాను. యాభయ్యెనిమిదేళ్లవాణ్ణి. డాక్టరు మా ఆవిడని కేకలేశాడు. ఆ రోజు నుంచి తోటకూర, బీరకాయ, జొన్నరొట్టె, రాత్రి పెద్ద గ్లాసు నీళ్లతో ఇసబ్‌గోల్ పొట్టు. నీళ్లు తక్కువైతే ఆ పొట్టే బిగుస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తర్వాత టబ్బు. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి, రోజుకి మూడుసార్లు, విరేచనమైన ప్రతిసారీ. మరిగే నీళ్లు కాదు. మన కొలీగొకాయన వేడెక్కువైతే గుణమెక్కువని బొబ్బలు తెచ్చుకున్నాడు. ఆయన పేరు చెప్పను, నవ్వుతున్నాడు కనక మీకే తెలుస్తుంది. తర్వాత రుద్దకుండా మెత్తగా అద్దుకోవాలి. గుండ్రటి గాలి దిండు మీద కూర్చుంటే మధ్యలో పుండు సాగుతుందని మా డాక్టరు వద్దన్నారు. పక్కకి తిరిగి పడుకోవడం, కాసేపు నడవడం, అంతే. జ్వరమొచ్చినా, రక్తం ఆగకపోయినా, మూత్రం రాకపోయినా, నొప్పి తగ్గేది పోయి పెరిగినా ఆసుపత్రికి పోవాలి, పక్కింటివాళ్ల దగ్గరికి కాదు. కొన్నాళ్లు గాలి మీద అదుపుండదు. నాకు లేదు. మనవడు తెగ నవ్వేవాడు.

నెలన్నర చెమ్మ కారుతూనే ఉంటుంది. గాజుగుడ్డ నిలవట్లేదని నర్సమ్మ ఆడవాళ్ల ప్యాడ్లు పెట్టుకోమంది. కొనడానికి నేనే వెళ్లాను. ఆ కుర్రాడు పేపర్లో చుట్టి, దాన్ని మళ్లీ నల్ల కవరులో పెట్టి, కౌంటరు కింద నుంచి ఇచ్చాడు. ఏదో దొంగసరుకు కొన్నట్టు నేనూ చంకలో దాచుకుని వచ్చేశాను. దారిలో అనిపించింది, మా ఆవిడ ముప్పయ్యేళ్లు ఇలాగే నడిచింది కదా అని. ఆమాట ఆమెతో అంటే, “ఇప్పుడు తెలిసిందా?” అంది. డ్రెస్సింగు చేస్తూ అంది. రోజూ రెండుసార్లు, తొమ్మిది వారాలు ఆవిడే చేసింది. ఒక్కసారి కూడా ముఖం తిప్పుకోలేదు. దానికి శాలువాలు లేవు.

అధ్యక్షులవారు గంట మీద చెయ్యి పెట్టారు. ఒక్క ఐదు నిమిషాలు బాబూ. నేను మైకు తీసుకున్నది ఇప్పుడు చెప్పబోయే దానికోసం.

2016 మాఘమాసం. ఆపరేషనై పదహారో రోజు. మా అక్క చిన్నకూతురి పెళ్లి. నేను మేనమామని. మేనమామంటే పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మొయ్యాలి. నేను మొయ్యలేదు. పినతండ్రి కొడుకుని ముందుకి తోశాను. పీట మీద కూర్చోమన్నారు, కూర్చోలేదు. కుర్చీ వేశారు, కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. భోజనాల బంతిలో బతిమాలారు, ఆకలి లేదన్నాను. మేనమామ పెళ్లిలో కూర్చోకపోతే జనం ఏమంటారు? అలిగాడంటారు. ఎందుకలిగాడు? కాలవ గట్టు పొలం వాటా గురించని ఒకరు. పట్టుపంచె ధర తక్కువైందని ఒకరు. వియ్యంకుల ముందు అక్క పరువు పోయింది. వాళ్లు అడిగారట, “మీ తమ్ముడికి ఈ సంబంధం ఇష్టం లేదా?” అని.

అక్క నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, “ఏంట్రా నీ బాధ?” అంది. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఒక్క మాట చెప్తే అయిపోను. నోరు రాలేదు. నడుము నొప్పన్నాను. నడుము నొప్పి ఉన్నవాడు నాలుగ్గంటలు నిలబడతాడా? అక్క చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత రెండు సంక్రాంతులు మా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ పెళ్లి మాటొస్తే ఆగిపోతుంది.

మొన్న మనవడు ఫోన్లో చదివి వినిపించాడు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి ఇదే రోగమట. 1686 నవంబరు 18న కోశారట, మత్తు కూడా లేకుండా. కోసిన సర్జను ముందు మామూలు జనం మీద చెయ్యి సాధన చేసుకున్నాడట, పాపం వాళ్లు. రాజుగారి ఆపరేషన్ సంగతి యూరపంతా తెలిసింది. రాజుగారికి లేని సిగ్గు రాజమండ్రి డ్రైవరుకి దేనికొచ్చిందా అనిపించింది. ఆ రాత్రే కార్యదర్శి గారికి ఫోను చేసి, నాకో పావుగంట ఇమ్మన్నాను.

మూడో వరసలో మా బావగారున్నారు, ఇదే డిపోలో కండక్టరు చేశారు, మీకందరికీ తెలుసు. పక్కన ఆకుపచ్చ చీర మా అక్క. అక్కా, ఆ రోజు నాకు పొలం గుర్తులేదు, పంచె గుర్తులేదు. కింద పచ్చిపుండు. నిలబడితేనే కాస్త నయంగా ఉండేది. బుట్ట ఎత్తితే రక్తం కారుతుందని డాక్టరు చెప్పాడు. పిల్ల వెళ్లిపోతుంటే నేను స్తంభం వెనక ఏడ్చింది నొప్పికి కాదు.

ఇదిగో, గంట కొట్టేశారు. టబ్బు వెనక బల్ల మీద పెట్టాను. చూడాలనుకున్నవాళ్లు చూడండి. కమోడులో సరిపోతుంది, మామూలు మరుగుదొడ్డి అయితే వెడల్పు బేసిను వాడుకోవాలి. అడగడానికి సిగ్గయితే సాయంత్రం ఫోను చెయ్యండి. అక్కా, బంతిలో నా ఆకు నీ పక్కనే వెయ్యమన్నాను. కూర్చునే తింటాను.