సాన్‌శింగ్‌దుయ్‌లో ఒక పూట

శ్రోతలకు నమస్కారం.

చైనా చూడబోయినవాళ్లు ఎక్కువమంది బీజింగ్ దగ్గర మహాకుడ్యం ఎక్కి, షియాన్‌లో మట్టి సైనికుల్ని చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ ఆ మట్టి సైనికులకంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్లు పెద్దవాళ్లయిన కంచు మనుషులు నైరుతి చైనాలో, సిచువాన్ ప్రావిన్స్‌లో ఉన్నారు. చెంగ్డూ నగరానికి పనిమీద వెళ్లినవాళ్లకైనా ఒక పూట తీరిక దొరికితే చాలు, చూసి రావచ్చు. ఆ చోటు పేరు సాన్‌శింగ్‌దుయ్.

చెంగ్డూకి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్లు. హైస్పీడ్ రైలెక్కితే గ్వాంగ్‌హాన్ ఊరికి అరగంట కూడా పట్టదు. అక్కణ్ణుంచి బస్సో టాక్సీయో. టికెట్ మాత్రం పాస్‌పోర్టు వివరాలిచ్చి ముందే బుక్ చేసుకోవాలి. బడి సెలవుల్లో వెళ్తే విగ్రహాలకంటే ముందున్నవాళ్ల వీపులే ఎక్కువ కనిపిస్తాయి. మామూలు రోజు చూసుకుని, పొద్దున్నే తలుపులు తీసే వేళకి చేరుకోండి.

చుట్టూ చదునైన నేల. కొండ లేదు, రాతికోట లేదు. ఇక్కడొక రాజధాని ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. మూడున్నర చదరపు కిలోమీటర్ల మేర మట్టిగోడలు కట్టుకున్న నగరం అది. ఉత్తరాన యాజి నది, లోపలినుంచి పారే ఇంకో ఏరు. గోడల్లో మిగిలిన దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. చైనా పాత గ్రంథాల్లో ‘షు’ అనే రాజ్యం ప్రస్తావన వస్తుంది. ఈ నగరం ఆ రాజ్యానిదేనని పండితులంటారు.

బయటపడిన తీరు చూస్తే మన ఊళ్ల కథలాగే ఉంటుంది. 1920ల చివర్లో యాన్ దావ్‌చెంగ్ అనే రైతు కుటుంబం నీటికాలువ పని చేసుకుంటుంటే పచ్చరాతి వస్తువులు కుప్పగా తగిలాయి. పగలు కప్పెట్టేసి, రాత్రి వచ్చి ఇంటికి చేరవేసుకున్నారు. పోనుపోను కొన్ని అమ్ముడుపోయి చెంగ్డూ పాతవస్తువుల బజారుకి చేరాయి, సంగతి పొక్కింది. 1934లో మొదటిసారి పద్ధతి ప్రకారం తవ్వారు. అసలు నిధి దొరికింది 1986లో, అదీ ఇటుకల బట్టీ కోసం మట్టి తవ్వే కూలీల చేతికి. జూలైలో ఒక గుంట, ఆగస్టులో ఇంకో గుంట. భట్టిప్రోలు స్తూపం రాళ్లూ ఇటుకలూ కాలువ పనులకీ రోడ్లకీ పోయిన సంగతి తెలిసినవాళ్లకి ఈ మాట వింటే కాస్త అసూయ కలగక మానదు. సాన్‌శింగ్‌దుయ్‌లో మట్టి తవ్వకం సమయానికి ఆగింది.

మ్యూజియం కొత్త భవనం 2023 జూలైలో తెరిచారు. లోపల వస్తువులు వెయ్యికి పైనే ఉంటాయి. అన్నీ చూసెయ్యాలని పరిగెత్తితే తల తిరగడం తప్ప ఏమీ మిగలదు. మూడు, నాలుగింటి దగ్గర తీరిగ్గా నిలబడండి చాలు.

ముందుగా నిలబడ్డ కంచు మనిషి. పీఠంతో కలిపి 2.6 మీటర్ల ఎత్తు, 180 కిలోల బరువు. సన్నగా, నిటారుగా ఉంటాడు. తలమీద కిరీటం, ఒంటిమీద పనితనమున్న పొడవాటి అంగీ, కాళ్లకి చెప్పుల్లేవు, చీలమండలకి కడియాలున్నాయి. చేతులు మాత్రం ఆ ఒంటికి పొంతన లేనంత పెద్దవి. రెండు చేతులూ గుండ్రంగా మడిచి ఏదో పట్టుకున్నట్టు ఉంటాయి, కానీ చేతుల్లో ఏమీ లేదు. పక్కకి జరిగి చూడండి. పై పిడికిలి బొక్కా కింది పిడికిలి బొక్కా ఒకే గీతలో ఉండవు. తిన్నటి కర్ర అందులో పట్టదు. వంపు తిరిగినదేదో ఉండాలి. అందుకే అది ఏనుగు దంతమై ఉంటుందని కొందరంటారు. గుంటల్లో దంతాలు వందల కొద్దీ దొరికాయి కాబట్టి ఆ మాట నాకూ నచ్చుతుంది.

తర్వాత ఆ పెద్ద ముఖం. 138 సెంటీమీటర్ల వెడల్పు, రెక్కల్లా విచ్చుకున్న చెవులు, పీత కళ్లలాగా 16 సెంటీమీటర్లు ముందుకి పొడుచుకొచ్చిన గుడ్లు. పిల్లలు దీని ముందు ఆగిపోతారు, పెద్దవాళ్లు ఫోన్లు తీస్తారు. షు రాజ్యపు మొదటి రాజు త్సాన్‌సోంగ్‌కి కళ్లు ముందుకి ఉండేవని నాలుగో శతాబ్దపు చరిత్ర గ్రంథం ఒకటి చెబుతుంది. పట్టుపురుగుల పెంపకం నేర్పింది ఆయనేనని కూడా చెప్పుకుంటారు. ఈ మధ్య గుంటల మట్టిలో పట్టు ఆనవాళ్లు దొరికేసరికి ఆ కథకి బలం వచ్చింది. అంతమాత్రాన ఈ ముఖం ఆయనదేనని తేల్చెయ్యలేం.

ఇక చెట్టు. దాదాపు నాలుగు మీటర్ల కంచు చెట్టు, పైకొస ఇంకా దొరకలేదు. మూడు వరసల్లో మూడేసి కొమ్మలు, ఒక్కో వరసకి మూడేసి పిట్టలు, మానుమీద నుంచి కిందికి దిగుతున్న డ్రాగన్. పది సూర్యుళ్లు ఒక చెట్టుమీద ఉండి రోజుకొకరు చొప్పున ఆకాశానికి ఎక్కేవారని చైనా పురాణం. ఒకటి ఆకాశంలో ఉంటే చెట్టుమీద మిగిలేవి తొమ్మిదే కదా, అందుకే ఈ తొమ్మిది పిట్టల్ని చూడగానే చైనావాళ్లకి ఆ కథ గుర్తొస్తుంది.

గైడు వెంట వెళ్లేవాళ్లు పిట్టలు లెక్కపెట్టి కదిలిపోతారు. నేను చూడమనేది అతుకుల్ని. ఈ చెట్టు ముక్కలు ముక్కలుగా దొరికింది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి నిపుణులకి ఏళ్లు పట్టింది. నిలబడ్డ మనిషి నడుం దగ్గర విరిగి రెండుగా దొరికాడు. సాన్‌శింగ్‌దుయ్ సంగతంతా అక్కడే ఉంది. ఇవి కాలం దెబ్బకి విరిగినవి కావు. మూడు వేల వంద ఏళ్ల కిందట ఎవరో కావాలని పగలగొట్టారు, కాల్చారు, గుంట తీసి పూడ్చారు.

ఎవరు? శత్రువులు దండెత్తి వచ్చి దేవుళ్లని ధ్వంసం చేశారని ఒక వాదన. నాకది మింగుడుపడదు. దోచుకోవడానికి వచ్చినవాడు బంగారం వదిలేస్తాడా? కంచు తలలకి తొడిగిన బంగారు రేకులూ, దాదాపు మీటరున్నర పొడవున్న బంగారు కర్ర తొడుగూ గుంటల్లోనే ఉన్నాయి. పైగా రెండో గుంటలో చిన్న వస్తువులూ గవ్వలూ అడుగున, పెద్ద కంచు విగ్రహాలు మధ్యన, వాటిపైన ఏనుగు దంతాలు వరసగా పరిచి ఉన్నాయి. కసితో విసిరిపారేసిన పద్ధతి కాదది. గుడి సామాను ఇక పూజకి పనికిరాదనుకున్నప్పుడు సొంత జనమే శాస్త్రోక్తంగా సాగనంపారనేది ఎక్కువమందికి నచ్చే మాట. అన్నట్టు, ఆ వేల గవ్వల్లో చాలా భాగం హిందూ మహాసముద్రం వైపునుంచి వచ్చి ఉండొచ్చని అంచనా. సముద్రానికి అంత దూరాన!

రాత ఒక్క వాక్యం దొరికినా ఈ గొడవ తీరేది. అదే కాలంలో ఉత్తరాన అన్యాంగ్‌లో షాంగ్ రాజులు వాన పడుతుందా, పంటినొప్పి ఎప్పుడు తగ్గుతుంది అని ఎముకలమీద ప్రశ్నలు చెక్కించేవారు. ఇక్కడివాళ్లు ఇంత కంచు పోత పోసి కూడా చదవగలిగే రాత ఏదీ వదల్లేదు.

2019 చివరినుంచి ఇంకో ఆరు గుంటలు బయటపడ్డాయి. ఈసారి గుంటలమీద గాజు గదులు కట్టి, తెల్లటి సూట్లు వేసుకుని, పైనుంచి వేలాడే పలకలమీద బోర్లా పడుకుని తవ్వారు. అయిదో గుంటలో సగం బంగారు ముఖం దొరికింది, ఆ సగమే 280 గ్రాములు. 2022లో ఎనిమిదో గుంటలో దొరికిన ముక్క 1986లో రెండో గుంటలో దొరికిన పిట్టకాళ్ల మనిషికి సరిగ్గా అతికింది. ఒకే విగ్రహాన్ని విరిచి రెండు గుంటల్లో వేశారంటే ఆ రెండూ ఇంచుమించు ఒకేసారి పూడ్చి ఉండాలి.

చూసి చూసి అలసిపోతే ఐస్‌క్రీమ్ ఉంటుంది, ఈ కంచు ముఖాల అచ్చులోనే. ‘కంచు రుచి’ అంటే గ్రీన్ టీ, ‘తవ్వకాల రుచి’ అంటే చాక్లెట్. ముక్కు కొరికాక ఎవరికైనా నవ్వొస్తుంది.

సాయంత్రం ఓపిక ఉంటే చెంగ్డూ నగరంలోనే జిన్షా అనే ఇంకో చోటుంది, 2001లో బయటపడింది. సాన్‌శింగ్‌దుయ్ వైభవం తగ్గుతున్న రోజుల్లో పుంజుకున్న ఊరది. అందరూ అక్కడి పలచటి బంగారు రేకు కోసం వెళ్తారు: సూర్యుడూ, చుట్టూ తిరిగే నాలుగు పిట్టలూ. నేనైతే జానెడు ఎత్తున్న ఒక కంచు బొమ్మ ముందు ఆగమంటాను. దాని చేతులు కూడా ఏదో పట్టుకున్నట్టే మడిచి ఉంటాయి. ఆ జనం ఎటూ మాయమైపోలేదు, మకాం మార్చారు అనేవాళ్లకి ఇదొక గట్టి ఆధారం. అందుకే రెండూ చూసేవాళ్లు ముందు సాన్‌శింగ్‌దుయ్, తర్వాతే జిన్షా పెట్టుకోండి. వరస మారిస్తే ఈ చిన్న బొమ్మని పట్టించుకోకుండా దాటిపోయే ప్రమాదం ఉంది.

నమస్కారం.