‘లాలిపాప్’ పాట సొమ్ము ఎవరికి చేరింది? స్టూడియో చర్చ పూర్తి పాఠం

యాంకర్: నమస్కారం. జమైకా గాయని మిల్లీ స్మాల్. 1964లో ‘మై బాయ్ లాలిపాప్’ పాడి బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానానికి చేరారు. ఆ పాటకు రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, అందలేదని తర్వాత ఆవిడే చెప్పారు. రికార్డు కంపెనీ ఆవిడకు బాకీ ఉందా లేదా అని సోషల్ మీడియాలో మళ్లీ గొడవ నడుస్తోంది. నా ప్రశ్న ఒక్కటే. ఆవిడ జమైకాలోనే ఉండిపోతే బాగుండేదా?

సంగీత విమర్శకురాలు: అలా అడిగితే తప్పంతా ఆ పిల్ల మీదే పడుతుందండి. జమైకాలోని క్లారెండన్‌లో చెరకు తోటల మధ్య పుట్టిన అమ్మాయి. 1963 చివర్లో ఐలాండ్ అనే రికార్డు కంపెనీ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ లండన్ తీసుకెళ్లాడు. మేనేజరూ ఆయనే, చట్టప్రకారం గార్డియనూ ఆయనే. మరి ఆ పిల్ల తరఫున బేరం ఆడేదెవరు?

నిర్మాత: మేడమ్, ఒక్క నిమిషం. ఆయన తీసుకెళ్లకపోతే ఆ పాటే లేదు కదా. అది 1956లో బార్బీ గే పాడిన అమెరికన్ పాట. దాన్ని వెతికి పట్టుకుంది ఆయనే, గిటారిస్టు ఎర్నెస్ట్ రాంగ్లిన్ చేత అరేంజ్ చేయించింది—

విమర్శకురాలు: రాంగ్లిన్ కూడా జమైకా మనిషే! ఆ గిటారు ఊపు జమైకాది, ఆ గొంతు జమైకాది—

నిర్మాత: నన్ను పూర్తి చేయనివ్వండి.

విమర్శకురాలు: చేయండి. కానీ ఐలాండ్ కంపెనీని 1989లో పాలీగ్రామ్ అనే పెద్ద రికార్డు కంపెనీకి దాదాపు 30 కోట్ల డాలర్లకు అమ్మారన్నది కూడా చెప్పండి. దానికి రెండేళ్ల ముందు, 1987లో, మిల్లీ లండన్ టీవీలో ఏం చెప్పారు? చేతిలో డబ్బుల్లేవు, చిన్న కూతురితో యూత్ హాస్టల్లో ఉంటున్నాను అని. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

యాంకర్: అందుకే అడుగుతున్నాను, జమైకాలోనే ఉంటే ఇంత కష్టం ఉండేది కాదేమో?

న్యాయవాది: చట్టం సంగతి చెబుతాను. ఈ పాట రచన హక్కు ఆవిడది కాదు. అసలు రచయిత రాబర్ట్ స్పెన్సర్. పాట రాయని రికార్డు వ్యాపారి మోరిస్ లెవీ పేరు కూడా రచయితల్లో చేరింది. గాయనికి వచ్చేది కాంట్రాక్టులో ఉన్నదే. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే పాడినవాళ్లకు ఇప్పటికీ పైసా రాదు.

విమర్శకురాలు: చూశారా! రాయనివాడి పేరు ఎక్కింది, పాడిన మనిషికి ఏమీ లేదు. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే.

నిర్మాత: అప్పటికి ఐలాండ్ చాలా చిన్నది మేడమ్. అంత డిమాండ్‌ని తట్టుకోలేకే పాటను ఫాంటానా అనే వేరే రికార్డు లేబుల్ మీద వేశారు.

యాంకర్: ఆ పాటలో మౌత్ ఆర్గాన్ వాయించింది బ్రిటిష్ రాక్ గాయకుడు రాడ్ స్టీవర్ట్ అంటారు, నిజమేనా?

నిర్మాత: ఆయనే కాదన్నారు. పీట్ హాగ్‌మన్ అని ఇంకో పేరు వినిపిస్తుంది. ఆ రోజుల్లో లండన్‌లో ఆ కుర్రాళ్లంతా—

విమర్శకురాలు: మౌత్ ఆర్గాన్ వాయించినవాడి గురించి అరవై ఏళ్లుగా వాదిస్తున్నాం, పాడిన మనిషి ఏం తిన్నదో అడగం! 1970లో బ్రిటన్ రాజకీయ నాయకుడు ఇనాక్ పావెల్ జాత్యహంకార రాజకీయం మీద ‘ఇనాక్ పవర్’ పాడారు. ఆ ధైర్యం గురించి ఎవరైనా మాట్లాడుతున్నారా? లాలిపాప్ ఒక్కటే గుర్తు.

[అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు]

న్యాయవాది: 2015లో జమైకా కాపీరైట్ గడువును 95 ఏళ్లకు పెంచింది. 1962 నుంచి వర్తించేలా. కానీ—

విమర్శకురాలు: హక్కు కంపెనీ చేతిలో ఉంటే గడువు పెరిగి గాయనికి ఏం లాభం? 2011లో జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ డిస్టింక్షన్ అనే జాతీయ గౌరవం ఇచ్చింది. మంచిదే. 2020 మే 5న లండన్‌లో చనిపోయేదాకా ఆ పాట డబ్బు మాత్రం అందలేదు.

నిర్మాత: అందలేదన్నది ఆవిడ మాట. లెక్కలు మనం చూడలేదు.

విమర్శకురాలు: లెక్కలు చూపించాల్సింది ఎవరు సర్? కంపెనీ కదా!

యాంకర్: మేడమ్ మాటలో బలం ఉందని నాకూ అనిపిస్తోంది. చివరిగా సర్, ఒక్క ముక్కలో చెప్పండి, జమైకాలోనే ఉండి ఉంటే?

నిర్మాత: ఉంటే ప్రపంచం ఆ గొంతు వినేది కాదు. జమైకా పాట బయటికి రావడానికి తలుపు తీసింది—

విమర్శకురాలు: తీసింది ఆవిడ! కంపెనీ కాదు, ఆవిడ—

యాంకర్: సమయం అయిపోయింది. బ్రేక్ తర్వాత వార్తలు.