పేపర్ చదివే కళ్లకు పీట ఎందుకు కనపడదు?

అందరికీ నమస్కారం. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే ఆర్పీ, జన్యు లోపం వల్ల చూపు మెల్లగా తగ్గిపోయే కంటి జబ్బు, ఈ హాల్లో చాలామందికి కొత్త మాట కాదు. రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా అడిగేది ఒకటే: "చూపు ఎప్పుడు పోతుంది సార్?" తేదీ చెప్పడం ఎవరి వల్లా కాదు. ఏ వరసలో తగ్గుతుందో మాత్రం చాలావరకు చెప్పగలం.

కంటి లోపలి వెనక పొర రెటీనాలో మసక వెలుతురుకి పనికొచ్చే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు. పగటి చూపుకి, రంగులకి ఉన్న కోన్ కణాలు 60 లక్షలు. ఆర్పీలో సాధారణంగా ముందు రాడ్‌లు దెబ్బతింటాయి. అందుకే మొదట రేచీకటి. సినిమా హాల్లో సీటు వెతుక్కోలేరు, కరెంటు పోతే ఉన్నచోటే నిలబడిపోతారు. ఆ తర్వాత పక్క చూపు కుంచించుకుపోతూ వస్తుంది. అక్షరాలు చదివే నడిమి చూపు చాలామందిలో చివరిదాకా నిలుస్తుంది. చార్టులో 6/6, అంటే పూర్తి చూపు, వచ్చిన మనిషే పీట తన్నుకుని పడతాడు, పక్కనుంచి అందించిన మంచినీళ్ల గ్లాసు చూడడు. తెల్ల కర్ర పట్టుకున్నాయన బస్సులో ఫోన్ చదువుకుంటుంటే "నాటకాలు" అంటారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే! 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, చూపు విస్తీర్ణం 10 డిగ్రీల లోపుంటే అది అంధత్వమే.

ఇంకో తిరకాసు ఏమిటంటే, ఈ తగ్గుదల చాలాకాలం రోగికే తెలీదు. పక్కన నల్లటి తెరేమీ కనపడదు, ఖాళీని మెదడు పూడ్చేస్తుంది. అందుకే డాక్టరు చెప్పిన గడువుకి ఫీల్డ్ టెస్ట్, అంటే పక్క చూపు ఎంత ఉందో కొలిచే పరీక్ష, చేయించుకోవాలి, పాత కాగితాలు దాచాలి. చూపు గబగబా మసకబారితే "ఆర్పీయే కదా" అని ఊరుకోకండి. శుక్లం కావచ్చు, మాక్యులాలో, అంటే రెటీనా నడిమి భాగంలో, వాపు కావచ్చు. రెండింటికీ వైద్యం ఉంది.

స్టార్‌గార్ట్ అనే ఇంకో జన్యు సంబంధ రెటీనా జబ్బు దీనికి తిరగబడ్డ కథ. నడిమి చూపే ముందు పోతుంది. పిల్లాడు ఆటల్లో పరిగెడతాడు, బోర్డు మీద రాసింది మాత్రం చదవలేడు. కంటి జబ్బు కదా అని వీళ్లకి విటమిన్ ఎ మాత్రలు సొంతంగా వేయకండి, కీడు చేయవచ్చు.

మేనరికాల్లో ఒకే జన్యు లోపం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. అలాగని కోడలి మీదకో అత్త మీదకో తోసేయకండి, జీన్ టెస్ట్ చేయించండి. 2017లో అమెరికా ఆమోదించిన జన్యు చికిత్స ఒక్క ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకే. అదీ బతికున్న కణాలు మిగిలుంటేనే.

ఇక ప్రశ్నలు అడగండి. పెళ్లి సంబంధాల సంగతులు మాత్రం మైకులో వద్దు, విడిగా మాట్లాడుకుందాం.