ఎపిసోడ్ 41: డామ్రో కొండ, ఎనిమిది మంది

అక్క: రికార్డవుతోందా? సరే. అందరికీ నమస్కారం. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ "హాట్ ఆజ్ హెల్". 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్‌లో లేచి అస్సాంలోని చబువాకు చేరని అమెరికా బాంబరు విమానం, బి-24జె. సీరియల్ 42-73308. అందులో ఎనిమిది మంది...

తమ్ముడు: అక్కా, ముందు నా పాత విమానం, పన్నెండు-ఏ గురించి ఒక్క ముక్క.

అక్క: చివర్లో చెబుదువుగానిరా.

తమ్ముడు: పోయినసారీ చివర్లోనే అన్నావు.

అక్క: ఈసారి తప్పకుండా. ముందు వీళ్ల సంగతి. ఆ రోజు వీళ్లు వెళ్లింది బాంబులు వెయ్యడానికి కాదు. వీళ్ల దళం, అమెరికా 308వ బాంబర్డ్‌మెంట్ గ్రూపు, చైనాలో ఉండేది. పెట్రోలు, బాంబులు, విడిభాగాలు, అన్నీ హంప్ మీదుగా, అంటే అస్సాం నుంచి హిమాలయాల తూర్పు కొస దాటి చైనా వెళ్లే గాలిదారిలో, వాళ్లే మోసుకోవాలి. ఒక్క దాడికి ఇంచుమించు మూడు ట్రిప్పులు. ఆ మంగళవారం సరుకు పని మీద ఐదు విమానాలు బయలుదేరాయి. వీళ్లది చేరలేదు. ఎక్కడ పడిందో ఆనవాలు లేక అప్పట్లో వెతకలేదు. యుద్ధం అయ్యాక అమెరికా సమాధుల నమోదు విభాగం ఫైలు తిరగేసి, ఇక దొరకరని మూసేసింది.

తమ్ముడు: 2006లో కూలిన విమానాలు వెతికే అమెరికన్ క్లేటన్ కూల్స్ అరుణాచల్‌లో డామ్రో పైన శకలాల దాకా ఎక్కేవరకూ అంతే.

అక్క: దారి చూపింది అక్కడి ఆదీ తెగవాళ్లే. అది ప్రతిసారీ చెప్పుకోవాలి. ఈ కొండల్లో ఏ విమానమైనా మొదట దొరికేది వేటగాళ్లకు.

తమ్ముడు: తోక నంబరు సంగతి కూడా చెప్పు. కొత్తవాళ్లు 42-73308 అని వెతుకుతూ కూర్చుంటారు.

అక్క: అమెరికా వాళ్లు ఏడాదిలోని మొదటి అంకె వదిలేసి రాసేవాళ్లు. 42లో నాలుగు పోతుంది. తోక మీద ఉండేది 273308. బ్రిటిష్ వాళ్లదైతే ఎక్కువగా రెండు అక్షరాలు, మూడు అంకెలు. అవి తోక మీద కాదు, వెనక పొట్ట పక్కన.

తమ్ముడు: ఇప్పుడు శ్రోతలు పదేపదే అడిగేదానికి వద్దాం. ఎక్కడో కొండ మీద శకలాల్లో నాలుగు ఇంజన్లు కనబడ్డాయి, తుపాకులు లేవు, తుపాకులు బిగించి తిప్పే టరెట్లు లేవు. అప్పుడది సి-87 అనే కదా? బి-24నే సరుకుల బండిగా కట్టినది. నేనైతే అవుననే అంటాను.

అక్క: నేను ఒప్పుకోను.

తమ్ముడు: తెలుసు.

అక్క: లేనిదాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదురా. డెబ్బై ఎనభై ఏళ్లుగా కొండ మీద పడి ఉన్న లోహం అది. అల్యూమినియం రేకు గిన్నెలకూ కప్పులకూ పోతుంది, మంచి ఉక్కు కత్తులకు పోతుంది. తుపాకులు అన్నిటికంటే ముందు పోతాయి. తుపాకీ లేదంటే ఇవాళ అక్కడ లేదని మాత్రమే అర్థం. 1944లో లేదని కాదు.

తమ్ముడు: తుపాకీ పోయినా దాని జాడ పోదుగా. పాయింట్ ఫిఫ్టీ తూటాలు, అంటే అర అంగుళం మందంవి, వందల్లో చెల్లాచెదురవుతాయి. తూటాలను వరసగా కలిపే బెల్టు లింకులు మట్టిలో ఉంటాయి. ఒక్క లింకు కూడా దొరకలేదంటే?

అక్క: ఎక్కడ వెతికావు? ఇంజన్లు ఉన్నచోటా, తోక ఉన్నచోటా? కొండను గుద్దుకున్న విమానంలో బరువున్నవి వాలు వెంట కిందికి దొర్లుతాయి, తేలికవి పైన చెట్లలో ఆగిపోతాయి. రెండిటికీ మధ్య రెండు మూడు వందల మీటర్ల ఎత్తు తేడా ఉండొచ్చు. వాగు దగ్గర నాలుగు ఇంజన్లు చూసి దిగొచ్చేస్తే తూటాలు ఎట్లా కనబడతాయి?

తమ్ముడు: సరే, తూటాలు వదిలెయ్. పార్టు నంబర్లు చూద్దాం. కన్సాలిడేటెడ్ కంపెనీ లెక్కలో బి-24 అంటే మోడల్ 32. విడిభాగాల మీద నంబరు 32తో మొదలవుతుంది. చేతి అద్దంతో చూసినా దొరుకుతుంది.

అక్క: ముప్పైరెండు.

తమ్ముడు: (నవ్వు) ముప్పైరెండు.

అక్క: కానీ సి-87 కూడా మోడల్ 32నే. పెట్రోలు మోసే సి-109 కూడా అదే. మూడూ ఒక్క ఒంటి మీద కట్టినవే. 32 దొరికితే ఏ కుటుంబమో తెలుస్తుంది, ఇంటిపేరు దాకానే. పేరు తెలియదు.

తమ్ముడు: అందుకే తుపాకులు, టరెట్లు అంటున్నా!

అక్క: ఉంటే చెప్పు. లేకపోతే చెప్పొద్దు. టరెట్ కింద ఉండే పెద్ద ఉక్కు పళ్లచక్రం దొరికిందనుకో, మోసుకుపోవడం కష్టం కాబట్టి చాలాసార్లు మిగులుతుంది, అప్పుడు సి-87 కాదని తేల్చెయ్. బాంబులు తగిలించే కొక్కేలు, షాకిళ్లు, దొరికితే తేల్చెయ్. పొట్ట కింద షాపు షట్టరులా చుట్టుకునే తలుపు పలకలు దొరికినా సరే. ఇవేవీ దొరకలేదా, "నాలుగు ఇంజన్ల మోడల్ 32" అని రాసి అక్కడ ఆపెయ్.

తమ్ముడు: అట్లా ఆపేస్తే ఎన్నేళ్లయినా తేలదక్కా. హంప్ మీద పోయిన నాలుగు ఇంజన్ల విమానాలు ఎన్ని? ఏదో ఒకటి ఊహించి ఫైలు తెరవాలి.

అక్క: ఊహించుకో. కాగితం మీద పెన్సిల్‌తో రాసుకో. బయటికి మాత్రం చెప్పకు. నువ్వు "ఇది సి-87, ఫలానా తేదీది" అని ఒక్క ఫొటో పెట్టావనుకో, అవతల ఆ విమానంలో పోయినవాడి మేనకోడలు చూస్తుంది. ఆమెకు ఎనభై ఏళ్లుంటాయి. రెండేళ్ల తర్వాత కాదని చెబుతావా?

(కాసేపు నిశ్శబ్దం)

తమ్ముడు: అది నిజమే.

అక్క: గట్టిగా అన్నానా?

తమ్ముడు: లేదు, అనాల్సిందే. సరే, ఉన్నవాటితోనే లెక్క కడదాం. మొదట ఇంజనులోని సిలిండర్లు. పద్నాలుగా, పద్దెనిమిదా? పద్దెనిమిది ఉంటే సరుకులు మోసే సి-46 రకం, దాని ఇంజను ఆర్-2800. లేదా బి-29 బాంబరుది, ఆర్-3350. పద్నాలుగైతే ఎక్కువగా ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే సి-47 డకోటాలోనూ అదే ఇంజను. రెండు ఇంజన్లు వాగులో కొట్టుకుపోయి రెండే మిగిలితే డకోటా అనుకుంటారు.

అక్క: దానికి మందు చెప్పు.

తమ్ముడు: టర్బో. బి-24కు ప్రతి ఇంజనుకూ ఎగ్జాస్టుతో తిరిగే టర్బో సూపర్‌చార్జర్ ఉంటుంది. డకోటాకు ఉండదు. ఆ టర్బైన్ చక్రం వేడిని తట్టుకునే మిశ్రలోహం, మంటల్లోనూ కరగదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగి వాలు వెంట ముద్దగా జారిపోతుంది. ఇంజను ఒక్కటే దొరికినా పక్కన టర్బో చక్రం ఉంటే అది నాలుగు ఇంజన్ల బండి అయ్యే అవకాశమే ఎక్కువ.

అక్క: నేమ్‌ప్లేట్ మీద "బ్యూయిక్" అని ఉంటే?

తమ్ముడు: ఏ కారుదో, లారీదో అనుకుని వదిలేస్తారు. అది ఆర్-1830నే. యుద్ధంలో బి-24ల కోసం బ్యూయిక్, షెవర్లే కంపెనీలు కూడా ఈ ఇంజను తయారుచేశాయి. ఆ ప్లేటును ఫొటో తియ్యాలి, ఊడదీయకూడదు. మట్టి తడిగుడ్డతో తుడిచి, టార్చి పక్క నుంచి ఏటవాలుగా కొడితే అరిగిన అంకెలు కూడా తేలతాయి. వైరు బ్రష్ పెట్టి రుద్దారో, అంకెలు పోతాయి.

అక్క: ఆ అంకెలు పోల్చేది ఎమ్ఏసీఆర్‌తో. మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టు. 1943 మే తర్వాత అమెరికా విమానం కనబడకపోతే 48 గంటల్లో రాయాల్సిన కాగితం. సిబ్బంది పేర్లు, చివరగా కనిపించిన చోటు, వాతావరణం, నాలుగు ఇంజన్ల సీరియళ్లు, తుపాకుల సీరియళ్లు కూడా ఉంటాయి.

తమ్ముడు: చూశావా, తుపాకులు!

అక్క: దొరికితే, దొరికితే! ఇంకొక మెలిక. ఇంజన్లను తరచూ మార్చేవాళ్లు. కాగితంలో పాత నంబరు ఉండిపోతుంది. ఒక్క ఇంజను కుదరలేదని విమానం కాదనుకోకండి, నాలుగింటిలో రెండు కుదిరితే గట్టి సాక్ష్యం. అలాగే ఒక్కటి కుదిరిందని సంబరపడొద్దు, పాడైన విమానం నుంచి తీసి బిగించినదేమో.

తమ్ముడు: ఆర్-2600 గురించి చెప్పలేదు మనం. అదీ పద్నాలుగు సిలిండర్లే, కానీ రైట్ కంపెనీది. రెండు ఉంటే బి-25 బాంబరు. ఒక్కటే ఉంటే వెంజెన్స్ బాంబరు కావచ్చు. వెంజెన్స్ అంటే...

అక్క: వచ్చేశావా?

తమ్ముడు: బ్రిటిష్ వైమానిక దళంలో 110 హైదరాబాద్ స్క్వాడ్రన్! బర్మా మీద వెంజెన్స్‌లు నడిపింది. నిజాం డబ్బుతో మొదటి యుద్ధంలో విమానాలు కొన్నందుకు ఆ పేరు. 1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడే, జర్మనీ రేవు విల్‌హెల్మ్స్‌హావెన్ మీద దాడి చేసిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో సగం వీళ్లవే. పది విమానాల్లో ఐదు తిరిగి రాలేదు. వీళ్లది ఒకటి, 107 స్క్వాడ్రన్‌వి నాలుగు.

అక్క: తర్వాత మస్కిటో విమానాలకు మారారు కదా. అది పనికొచ్చే సంగతే, చెప్పు.

తమ్ముడు: మస్కిటో చెక్క విమానం. అడవిలో పడితే చెదలు తినేస్తాయి. మిగిలేవి రెండు మెర్లిన్ ఇంజన్లు, చక్రాల కాళ్లు, ఉక్కు బిగింపులు. రేకు కోసం వెతికితే ఏమీ ఉండదు. బ్రిటిష్ వాళ్లకు ఎమ్ఏసీఆర్ లేదు, స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో చూడాలి. సమాధి తెలియనివాళ్ల పేర్లు సింగపూర్‌లో క్రాంజీ స్మారకం మీద ఉంటాయి.

అక్క: ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. విమానం దొరికితే మనుషులు దొరికినట్టు కాదు. 1943 ఆగస్టు 2న ఒక సి-46లో ఉన్న ఇరవై ఒక్క మందిలో ఇరవై మంది నాగా కొండల్లో పారాచూట్లతో దూకి బతికారు. దూకినవాళ్లు విమానం దగ్గరే ఉంటారని లేదు. అందుకే ప్రొపెల్లర్ చూడాలి. రెక్కలన్నీ ఒకేలా మెలితిరిగి ఉంటే ఇంజను గట్టిగా తిరుగుతూనే కొండను తాకింది. రెక్కల అంచు గాలికి ఎదురుగా తిప్పి ఉంటే, అంటే ఫెదర్ చేసి ఉంటే, పైలట్ ముందే ఆ ఇంజను ఆపాడు. నాలుగూ తిరుగుతూ తాకితే మేఘంలో కొండ కనబడక పోయి ఉంటారు, దూకే వ్యవధి ఉండదు, అందరూ అక్కడే ఉంటారు. ఒకటి రెండు ఫెదర్ చేసి ఉంటే వచ్చిన దారి వెంట వెనక్కి కూడా వెతకాలి.

తమ్ముడు: గుర్తింపు బిళ్లలు?

అక్క: కనబడితే తియ్యకు. చుట్టూ ఉన్న మట్టి కూడా సాక్ష్యమే. ఫొటో, జీపీఎస్, ఎంత లోతులో ఉందో రాసుకోవడం, అంతే. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ గెంతుతుంది, ఫోన్ కదలకుండా కొన్ని నిమిషాలు పెట్టి సగటు తీసుకోవాలి. బిళ్ల మీద సీరియల్ "ఓ"తో మొదలైతే ఆఫీసరు. అంకెల్లో మొదటిది 1 అయితే తనంతట చేరినవాడు, 3 అయితే నిర్బంధంగా పిలిచినవాడు. "టి42" అంటే 1942లో ధనుర్వాతం టీకా.

తమ్ముడు: డయళ్లు ముట్టుకోవద్దని చెప్పు. చీకట్లో మెరిసేది రేడియం. జేబులో వేసుకుంటే ప్రమాదం.

అక్క: డామ్రోలో 2015 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అమెరికా రక్షణ శాఖ బృందం తవ్వింది. నేలను గళ్లుగా విడగొట్టి, మట్టినంతా సన్నజల్లెడ పట్టడం వాళ్ల పద్ధతి. 2016 ఏప్రిల్‌లో అవశేషాలు ఢిల్లీ నుంచి వెళ్లాయి. 2017లో ఒకరిని గుర్తించారు. జార్జియాలోని కాంకర్డ్ అనే చిన్న ఊరివాడు, ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్. అప్పటికి వయసు 24.

తమ్ముడు: మనుషులు 2006లోనే అక్కడికి చేరారు. తవ్వకం తొమ్మిదేళ్ల తర్వాత.

అక్క: ఆ తొమ్మిదేళ్లే నాకు బాధ. మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ తల్లివైపు నుంచి వస్తుంది. అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, ఆ వరుస. వెనకటి తరం పోతున్నకొద్దీ పోల్చడానికి నమూనా ఇచ్చేవాళ్లను వెతకడం కష్టమవుతుంది. అమెరికాకు రెండో యుద్ధంవాళ్లే 70,000కు పైగా లెక్క తేలనివాళ్లు.

తమ్ముడు: పాసీఘాట్‌లో 2023 నవంబరులో హంప్ మ్యూజియం తెరిచారు. వెళ్లేవాళ్లు ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోండి.

అక్క: ఇక చెప్పరా నీ పన్నెండు-ఏ.

తమ్ముడు: నిజంగానా? ఆ 110 హైదరాబాద్ స్క్వాడ్రన్‌దే, మొదటి యుద్ధం నాటి డీహెచ్-9ఏ బాంబరు, నంబరు ఎఫ్1010. పక్కన "హైదరాబాద్ నం. 12ఏ" అని రాసి ఉంటుంది. 1918 అక్టోబరు 5న జర్మనీలో దిగిపోయింది. బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు, అక్కడి నుంచి పోలండ్ చేరింది, 1970లలో లండన్ తిరిగొచ్చింది. ఇప్పుడు లండన్‌లో హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

అక్క: అందులో ఇద్దరూ?

తమ్ముడు: బతికారు. ఖైదీలయ్యారు.

అక్క: ఇంజను?

తమ్ముడు: లిబర్టీ. పన్నెండు సిలిండర్లు, రెండు వరుసలు వి ఆకారంలో...