పుస్తకాలిచ్చినవాడు నియంతా? హ్యూయీ లాంగ్ మీద రాత్రి చర్చ

(ఉచిత పథకాల గొడవ మళ్ళీ రేగిన వారంలో జరిగిన చర్చ ఇది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట వినబడినంతే రాశాం. మాజీ ఎమ్మెల్యేగారు బల్ల చరిచిన ప్రతిసారీ ఆ సంగతి రాయలేదు, చోటు చాలదు.)

యాంకర్: నమస్కారం. ఉచితాల మీద ఊరూవాడా అరుచుకుంటున్నాం కదా. తొంభై ఏళ్ళ కిందట ఇలాంటి గొడవకే కేంద్రమైన అమెరికా నాయకుడు హ్యూయీ లాంగ్. లూసియానా రాష్ట్ర గవర్నర్, తర్వాత సెనేటర్, అంటే వాషింగ్టన్‌లోని ఎగువ సభ సభ్యుడు. నా ప్రశ్న ఒక్కటే. పంచిపెట్టే నాయకుడు చివరికి నియంత అవుతాడా? మేడమ్, మీతో మొదలుపెడదాం.

ప్రొఫెసర్: ముందు ఒక మాట. అక్కడి గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు. జనం ఓటేసి గెలిపిస్తారు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. లాంగ్ 1893లో విన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. 1924లో గవర్నర్ పదవికి పోటీచేసి ఓడాడు. 1928లో...

మాజీ ఎమ్మెల్యే: గెలిచాడు! గెలిచి ఏం చేశాడు? బడిపిల్లలకు పుస్తకాలు ఊరికే ఇచ్చాడు. అది చెప్పండి మేడమ్.

ప్రొఫెసర్: వస్తున్నానండీ...

మాజీ ఎమ్మెల్యే: డబ్బెక్కడిది? చమురు కంపెనీల దగ్గర పన్ను ముక్కుపిండి వసూలు చేశాడు. రోడ్లేశాడు, వంతెనలు కట్టాడు. బురదలో బండి దిగబడే పల్లెలవి!

యాంకర్: ఆ పన్ను మీదే కదా అభిశంసన దాకా వెళ్ళింది? నియంత అన్న మాట అక్కడే పుట్టిందా?

ప్రొఫెసర్: అది ఇంకో పన్ను. 1929లో, శుద్ధిచేసే ప్రతి పీపా చమురు మీద ఐదు సెంట్లు వేస్తానన్నాడు. పెద్ద చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ భగ్గుమంది. రాష్ట్ర దిగువ సభ ఆయన మీద అభియోగాలు మోపింది. పదవి ఊడాలంటే ఎగువ సభలో 39 మందికి 26 మంది ఒప్పుకోవాలి. అప్పుడు 15 మంది, ఏ సాక్ష్యం వచ్చినా సరే మేం ఓటెయ్యం అని ముందే సంతకాలు పెట్టిచ్చారు. కేసు చప్పబడిపోయింది.

మాజీ ఎమ్మెల్యే: సంతకాలే కదమ్మా పెట్టించాడు, రిసార్టుకు తీసుకెళ్ళలేదు కదా! (నవ్వులు)

ఎన్నారై (ఆన్‌లైన్‌లో): హలో... వినిపిస్తోందాండీ? లూసియానా రాజధాని బాటన్ రూజ్ నుంచి...

యాంకర్: చెప్పండి సార్. అక్కడ ఆయన్ని నియంత అంటారా?

ఎన్నారై: ఎవరినడిగితే వాళ్ళ మాట అండీ. ఇక్కడి క్యాపిటల్, అంటే మన అసెంబ్లీ లాంటి భవనం, ఆయన కట్టించిందే. 34 అంతస్తులు, 450 అడుగులు. ఇంత ఎత్తు రాష్ట్ర క్యాపిటల్ అమెరికాలో ఇంకోటి లేదు. ఎదురుగానే ఆయన సమాధి, దాని మీద విగ్రహం. ఆయన్ని కాల్చింది కూడా ఈ భవనంలోనే... (లైన్ తెగింది)

ప్రొఫెసర్: సెనేట్ సంగతి చెప్పనివ్వండి. 1930 నవంబర్‌లో సెనేటర్‌గా గెలిచాడు. కానీ ప్రమాణం చేసింది 1932 జనవరి 25న. తను కదిలితే గవర్నర్ కుర్చీ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే ఉప గవర్నర్, పాల్ సైర్‌కు పోతుంది. ఇద్దరికీ పడదు. దాంతో సెనేట్ సీటు నెలల తరబడి ఖాళీ. విసుగెత్తి సైర్ తనే గవర్నర్‌నని ప్రమాణం చేసేశాడు. అయితే నీ పాత పదవి పోయినట్టేనని లాంగ్ ఆయన్నే ఇంటికి పంపాడు! వాషింగ్టన్ వెళ్ళాకా రాష్ట్రం ఆయన గుప్పిట్లోనే ఉంది.

యాంకర్: అంటే నియంతే!

మాజీ ఎమ్మెల్యే: తెలివంటారండీ దాన్ని! పుస్తకాలిచ్చాడా, లేదా?

ప్రొఫెసర్: ఇచ్చాడు. ఉద్యోగుల జీతాల్లో కోతపెట్టి పార్టీ డబ్బాలో వేసుకున్నాడు కూడా. పదవిచ్చేముందే తేదీ వెయ్యని రాజీనామా రాయించుకునేవాడు. తనను తిట్టే పెద్ద పత్రికల ప్రకటనల ఆదాయం మీద రెండు శాతం పన్ను వేయించాడు. 1936లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మాజీ ఎమ్మెల్యే: పత్రికలెవరివి? డబ్బున్నవాళ్ళవి! పేదోడి పత్రిక ఒక్కటి చూపించండి!

(ఇద్దరూ ఒకేసారి, దాదాపు అర నిమిషం ఏమీ అర్థం కాలేదు)

యాంకర్: సార్, మీరు ఆగరు, లాంగ్ కూడా ఆగేవాడు కాదట. 1935 జూన్‌లో సెనేట్‌లో పదిహేనున్నర గంటలు ఏకబిగిన మాట్లాడాడు.

మాజీ ఎమ్మెల్యే: వంటలు కూడా చెప్పాడండీ! ఆల్చిప్పల వేపుడు, ఆకుకూర ఉడికించిన నీళ్ళు... పాట్‌లికర్ అంటారు.

యాంకర్: మన కట్టుచారు లాంటిదా?

ప్రొఫెసర్: కట్టుచారు కందిపప్పు నీళ్ళతో పెడతాం. అది ఆకుకూరది, పందిమాంసం వేసి...

మాజీ ఎమ్మెల్యే: మా అమ్మ మునగాకు నీళ్ళతో పెట్టేది. బెల్లం ముక్క వేసి... (మునగాకు మీద ఇంకా రెండు నిమిషాలు)

యాంకర్: మళ్ళీ పాయింటుకొద్దాం. 1934లో సంపద పంపిణీ అన్నాడు. ప్రతి కుటుంబానికీ కనీసం ఐదువేల డాలర్లు. ఇలాంటి వాగ్దానమే నియంతృత్వానికి మొదటి మెట్టు కాదా?

ప్రొఫెసర్: వాగ్దానానికీ నియంతృత్వానికీ మీరు ముడి పెడుతున్నారు. నేను చెప్పేది వ్యవస్థల సంగతి. పుస్తకాలివ్వడానికి తేదీల్లేని...

మాజీ ఎమ్మెల్యే: చూశారా, పుస్తకాలని ఆవిడే అన్నారు!

ప్రొఫెసర్: తేదీల్లేని రాజీనామాలు ఎందుకని అడుగుతున్నానండీ!

ఎన్నారై: హలో, మళ్ళీ కలిశాను. 1935 సెప్టెంబర్ 8న కాల్పులు, 10న పోయారు. 42 ఏళ్ళే. కాల్చాడన్న డాక్టర్ వైస్‌ను బాడీగార్డులు అక్కడికక్కడే చంపేశారు. అసలు తగిలింది బాడీగార్డుల తూటానే అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు...

యాంకర్: అబ్బో, అది ఇంకో ఎపిసోడ్ సార్! టైమైపోయింది. మేడమ్, ఒక్క ముక్కలో: నియంతా, కాదా?

ప్రొఫెసర్: ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఆయన తర్వాత భార్య సెనేటర్, తమ్ముడు గవర్నర్, కొడుకు 1948 నుంచి 1987 దాకా సెనేటర్...

మాజీ ఎమ్మెల్యే: జనం ఓట్లేశారమ్మా! ఎందుకేశారు? పుస్తకాలు...

యాంకర్: సరే సరే. పుస్తకాలైతే ఇచ్చాడు, అది మాత్రం తేలింది.

ప్రొఫెసర్: అదెప్పుడు ఎవరు కాదన్నారండీ? నేను అడిగింది...

(సంగీతం)