మధ్యలోంచి చదవమనండి
(తెలుగు భాషా దినోత్సవం రోజు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇరవై రెండేళ్లుగా ఖమ్మం జిల్లా పల్లెల్లో ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఈ రోజు ఒక్క సంగతే మాట్లాడాలనుకుంటున్నాను: ఒక్కొక్క పిల్ల చదువుతుంటే విడిగా వినడం.

కొన్నేళ్ల కింద మూడో తరగతిలో ఒక పాప ఉండేది. చదవమంటే లేచి నిలబడి, వాచకం మీద వేలు పెట్టి గడగడా చదివేసేది. ఒకరోజు పక్కన కూర్చుని వేలు వంక చూశాను. పాఠం నోటితో అయిపోయింది, వేలు మాత్రం ఇంకా రెండు వరుసల పైనే ఉంది. పేజీ మధ్యలో ఒక వాక్యం చూపించి "ఇది చదువమ్మా" అన్నాను. నా ముఖంలోకి చూసి, మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంది. ఆ పాఠాలన్నీ చెవులతో నేర్చుకుందన్నమాట. అంత తెలివైన పిల్లకు చదవడం రాదన్న సంగతి నాకు నవంబరు దాకా తెలియలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఎందుకు తెలియలేదంటే, నేను ఎప్పుడూ తరగతినే విన్నాను, ఆ పాపను వినలేదు. "అందరూ చెప్పండి" అంటాం. ముందు కూర్చున్న నలుగురు చదువుతారు, మిగతావాళ్లు అరక్షణం వెనక వాళ్ల గొంతు పట్టుకుంటారు. వరండాలో నిలబడి వింటే తరగతి మొత్తం బ్రహ్మాండంగా చదువుతున్నట్టే ఉంటుంది.

గుణింతాల దగ్గరా ఇదే జరుగుతుంది. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని రాగం తీస్తారు. రాగం తప్పని నేను అనను, పిల్లలకు అది ఇష్టం. కానీ "కే" అని ఒక్క అక్షరం అట్ట మీద రాసి చూపించండి. చాలామంది పెదవులు కదిలిస్తూ "క" దగ్గర నుంచి మెట్లెక్కి వస్తారు. రాగం అయ్యాక అట్టలు కలిపేసి, చే, కో, మీ, తూ అని ఎక్కడపడితే అక్కడి నుంచి అడగాలి. అప్పుడే గుడి, కొమ్ము, ఏత్వం గుర్తుపడుతున్నారో లేదో తెలుస్తుంది.

ఒత్తుల గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, క్షమించండి. గ, డ, ద లాంటివాటికి తలకట్టు తీసేస్తే వచ్చే రూపమే ఒత్తు. పిల్లలు తికమకపడేది త, న, మ, య, ర, ల దగ్గర. వీటి ఒత్తుకు, అక్షరానికి పోలికే ఉండదు. అందుకే ఒత్తులు కష్టమని, గుణింతాలన్నీ అయ్యేదాకా వాటి జోలికి పోం. కానీ ఒకసారి చూడండి: అత్త, అన్న, అమ్మ, అయ్య, బర్రె, ఇల్లు. మనకు కష్టమనిపించే ఆరు ఒత్తులూ పిల్లలు బడికి రాకముందే పలికే మాటల్లో ఉన్నాయి. "అమ్మ" అన్న మాటను బొమ్మలాగా మొత్తంగా చూపించి, అందులో మ కింద ఉన్నదేమిటని మొదటి నెలలోనే అడగవచ్చు. నేను అలా మొదలుపెట్టాక ఒత్తులంటే పిల్లలకు టెన్షన్ తగ్గింది.

తర్వాతి దశ కూడబలుక్కుని చదవడం. ఆ... డు... కుం... టు... న్నా... రు. చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు, అర్థం జారిపోతుంది. మన మాటలకు తోకలు పొడవు. "కుంటున్నారు" అనే తోకను ఒక్క చూపులో పట్టుకోవడం నేర్పితే ఆడుకుంటున్నారు, పాడుకుంటున్నారు, రాసుకుంటున్నారు, అన్నీ తేలికవుతాయి.

పిల్లలు ఎంతవరకు చదవగలరో చూసే అసర్ సర్వే మీకు తెలుసు. గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్క పిల్లను విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 50.5 శాతం, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. ఆ అంకెలు చూసి మనలో కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం వాళ్ల పద్ధతి నచ్చింది. విడిగా వినడమే కదా వాళ్లు చేసింది. చదవడం, రాయడం, లెక్కలు పునాది నుంచి నేర్పాలని మన రాష్ట్రంలో పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం 2022లో వచ్చాక మనకూ రికార్డులు పెరిగాయి. రికార్డు నింపే ముందు ఆ పిల్ల గొంతు ఒక్కటే మన చెవిన పడి ఉండాలి.

"ముప్పై మంది, రెండు తరగతులు ఒకే గదిలో, టైమెక్కడిది?" అని అడుగుతారు. రోజుకు ఐదుగురు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. పది నిమిషాలు పోతాయి, ఆరు రోజుల్లో ముప్పై మందీ అవుతారు. మిగతావాళ్లకు ఆ పది నిమిషాలు కథల పుస్తకాలు ఇవ్వండి. ఎవరు ఎక్కడ ఆగారో ఒక నోటుబుక్కులో రాసుకోండి.

రాత సంగతికి వస్తాను. చూచిరాత దస్తూరికి మంచిదే. కానీ బోర్డు మీది జవాబులు, గైడులోని జవాబులు ఎక్కించుకుంటే నోటుబుక్కులు నిండుతాయి, పిల్ల మాత్రం కనబడదు. నాలుగో తరగతిలో "మీ ఇంట్లో నిన్న రాత్రి" అని రాయమంటే ఒక పిల్లవాడు ఇలా రాశాడు: "మా అమ్మ మిర్చి ఏరబోయింది. రాత్రి బువ్వ కలపది. చేతులు మంట. నాయినమ్మ కలుపుతది." రెండు ఒత్తులు తప్పు రాశాడు. నేను ఎర్ర పెన్ను తీయలేదు. "నాయినమ్మ ఏం కూర కలిపింది?" అని కింద రాసిచ్చాను. మర్నాడు ఇంకో ఆరు వాక్యాలు తెచ్చాడు. ఒత్తులు వారం తర్వాత, వాడి వాక్యాలతోనే దిద్దాం. "ఏరబోయింది"ని, "కలపది"ని నేను దిద్దలేదు, అవి తప్పులు కావు, వాడి ఇంటి మాటలు.

ఈ రోజు మనం గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు జరుపుకుంటున్నాం. 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు అందాలని పాటుపడ్డారు. మన బడుల్లో కోయ పిల్లలున్నారు, లంబాడీ పిల్లలున్నారు. మొదటి తరగతిలో వాళ్లు నోరు విప్పకపోతే మొద్దులని ముద్ర వేయకండి. నీళ్లు, అన్నం, పుస్తకం, ఈ మూడింటినీ వాళ్ల ఇంట్లో ఏమంటారో అడిగి, మీరు పలకండి. వాళ్లు నవ్వుతారు, దిద్దుతారు. మాట అక్కడే మొదలవుతుంది.

భోజనం తర్వాత ఈ బడి పిల్లలే ఇరవై మంది వస్తున్నారు. ఒక్కొక్కరి పక్కన మీలో ఒకరు కూర్చోండి. వాచకం వద్దు, వాళ్లు ఎప్పుడూ చూడని కథల పుస్తకాలు ఆ బల్ల మీద పెట్టాను. మధ్య పేజీ తెరిచి చదవమనండి. రెండు నిమిషాలు ఏమీ అందించకుండా వినండి.